ఐదో స్టార్

కెటిల్ పెట్టెను చంకన పెట్టుకుని, పొద్దున్నుంచీ అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన ఇంగ్లీషు వాదనంతా నాలుక చివర పెట్టుకుని, ఆ అమ్మాయి షాపులో కస్టమర్ సర్వీస్ కౌంటర్ ముందు నిలబడింది. పోట్లాడడానికే వచ్చింది. చదువుకోసం ఆ దేశంలో దిగి ఎంతో కాలం కాలేదు. కొన్న మొదటి వస్తువే మోసం చేసింది. స్విచ్ వేస్తే ఎర్రలైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం పోసినవి పోసినట్టే ఉంటాయి.

ఆమె పెరిగిన ఊళ్లో ప్రతి దుకాణం గల్లాపెట్టె వెనకా ఒక బోర్డు ఉండేది, ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని. అక్కడ ఏదైనా వెనక్కివ్వాలంటే ఇంటిల్లిపాదీ బయల్దేరాలి. అమ్మ ముందు మెత్తగా అడగాలి, పిన్ని గొంతు పెంచాలి, చివర్లో నాన్న "పోనీలే, పదండి" అని అందర్నీ బయటికి లాక్కొచ్చెయ్యాలి. ఇక్కడ ఆ ముగ్గురి పనీ ఆమె ఒక్కతే చెయ్యాలి.

కౌంటర్ వెనకున్న కుర్రాడు పెట్టె తెరిచి చూసి, డబ్బులు వాపసు కావాలా, వేరే పీసు కావాలా అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆ ప్రశ్న ఆమె చెవికెక్కలేదు. వాదన మొదలుపెట్టేసింది. వినియోగదారుల హక్కుల గురించి చెప్పింది, కంపెనీకి నమ్మకం ఎంత ముఖ్యమో చెప్పింది, హాస్టల్ గదిలో వేడినీళ్లు లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పింది. మధ్యలో ఒక మాట తట్టక "అబ్బా, దాన్నేమంటారూ" అని పైకే అనేసి, మళ్లీ అందుకుంది.

కుర్రాడు చేతులు కట్టుకుని ఆఖరిదాకా విన్నాడు.

"అయిపోయిందా అండీ?" అన్నాడు తెలుగులో. "బాగా ప్రిపేరై వచ్చారు, మధ్యలో ఆపబుద్ధి కాలేదు. ఇప్పుడు చెప్పండి, డబ్బులా, వేరే కెటిలా?"

ఆమె ముఖం గాలి తీసేసిన ట్యూబులా అయిపోయింది. "ఊరికే ఇచ్చేస్తారా?"

"ఊరికే ఇచ్చేస్తాం."

"నేనేం చెప్పకపోయినా?"

"చెప్పకపోయినా. కాకపోతే ఈ సీట్లో కూర్చున్నాక ఇంత మంచి వాదన వినడం ఇదే మొదలు, వకీలు గారూ."

కొత్త కెటిల్ పట్టుకుని బయటికొచ్చాక గానీ ఆమెకి కోపం రాలేదు. అది కూడా మెట్లు దిగేలోపు పోయింది.

గదికి చేరేసరికి ఫోనుకి మెసేజ్ వచ్చి ఉంది. ఈరోజు మీకు సేవ చేసినవారికి ఐదింటిలో ఎన్ని స్టార్లు ఇస్తారు, రెండు ముక్కలు రాయండి అని. ఆమె బాగా ఆలోచించి నాలుగిచ్చింది.

ఈ నాలుగు వెనక ఒక చరిత్ర ఉంది. ఆమె నాన్న లెక్కల మాస్టారు. ఆయన సర్వీసు మొత్తంలో ఒక్క పిల్లకీ పిల్లాడికీ పూర్తి మార్కులు వేసిన పాపాన పోలేదు. పూర్తిగా వేసేస్తే అక్కడితో ఆగిపోతారని ఆయన భయం. మరీ మెచ్చిన పేపరు మీద మాత్రం, 'బాగుంది. ఇంకా బాగా చేయగలవు' అని ఎర్రసిరాతో రాసేవారు. ఆ ముక్క కోసం క్లాసంతా పడిచచ్చేది. కూతురికి అది దొరికింది పదో తరగతిలో ఒక్కసారే, ఆ పేపరు ఇప్పటికీ ఇంట్లో బీరువాలో ఉంది. కాబట్టి ఆమె కౌంటరబ్బాయికి నాలుగు స్టార్లిచ్చి, కింద ఆ ముక్కనే ఇంగ్లీషులో రాసిందంటే, తన వంశంలో ఉన్న అతి పెద్ద బిరుదు ఇచ్చేసినట్టే.

తర్వాత కర్టెన్ రాడ్డు కొంది. కిటికీని జానలతో కొలుచుకుని వెళ్లింది, తీరా తెస్తే రాడ్డు గోడకి అందలేదు. అతను కౌంటర్ మీద టేపు పరిచి, ఆమె జాన ఎంతో కొలిచి, కాగితం మీద రాసి చేతికిచ్చాడు. ఇకనుంచి మీ జానలు మాకూ పనికొస్తాయి అన్నాడు. నాలుగు స్టార్లు.

ఆ తర్వాత దుప్పటి గొడవ.

"ఇది మూడువైపులా కుట్టేశారండీ," అంది ఆమె, కౌంటర్ మీద దాన్ని పరిచి. "గోనెసంచిలా ఉంది. రాత్రి దీన్లో దూరి పడుకున్నాను."

అతను నవ్వు ఆపుకోవడానికి కంప్యూటర్ వైపు తిరిగాడు. ఎంత తిరిగినా భుజాలు ఊగుతూనే ఉన్నాయి. "ఇది దుప్పటి కాదండీ. బొంతకి తొడిగే గలీబు. లోపల బొంత ఉండాలి."

"మరి నా చలి తగ్గింది కదా."

"అయితే ఉంచుకోండి. మా కంపెనీవాళ్లకి ఇలా కూడా వాడొచ్చని తెలీదు."

మళ్లీ నాలుగు స్టార్లు, మళ్లీ అదే ముక్క. రూమ్మేట్ ఇదంతా చూస్తూనే ఉంది. కావాలని పాడైన వస్తువులే ఏరి కొంటున్నావా అని ఒకరోజు అడిగేసింది. ఆ టేబుల్ లైటు బల్బు వదులైతే మనమే బిగించుకోవచ్చు కదా అని కూడా అంది. ఆ లైటు అప్పటికే సంచిలో ఉంది.

ఒక సాయంత్రం షాపు బయట బస్టాపులో ఇద్దరూ కలిశారు. అతని డ్యూటీ అయిపోయింది. ఆమె చేతిలో అప్పుడే కొన్న గొడుగు ఉంది. వాన మొదలైంది, గొడుగు తెరుచుకోలేదు.

"రేపు తెస్తాను," అంది ఆమె, తడుస్తూనే.

"రేపు నేను రెండింటికొస్తాను," అన్నాడు అతను, తనూ తడుస్తూనే. ఇద్దరికీ షెడ్డు కిందికి జరగాలన్న ఆలోచన కాస్త ఆలస్యంగా వచ్చింది.

షెడ్డు కింద అతను తన సంగతి చెప్పాడు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి కౌంటర్. ప్రస్తుతానికి తాత్కాలికం. నెలాఖరుకి ఒకర్ని పర్మినెంట్ చేస్తారు. అది తనకొస్తే చదువు గట్టెక్కినట్టే. రాకపోతే ఊరి బయట గోడౌన్‌కి పంపుతారు. అక్కడ పొద్దుటి షిఫ్టే ఉంటుంది, కాలేజీ మానుకోవాల్సిందే.

"మీకే వస్తుంది. మీలా ఎవరు చేస్తారు?"

"ఏమోనండీ. రేటింగ్ పడిపోతోంది. ఎవరో ఒక్కరే పనిగట్టుకుని తగ్గిస్తున్నారట. పేరు మాకు చెప్పరు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఎవరో గానీ వాళ్లకి కళ్లూ లేవు, మనసూ లేదు అంది. బస్సెక్కాక కూడా తిడుతూనే ఉంది. మర్నాడు గొడుగు మార్చుకుని, కాస్త జాలి కూడా కలిపి, అతనికి నాలుగు స్టార్లిచ్చింది.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది, షాపు మేనేజర్ నుంచి. ఆవిడ గొంతు ఎంతో మర్యాదగా ఉంది. మా ఉద్యోగి వల్ల మీకు వరసగా అసంతృప్తి కలిగినందుకు కంపెనీ తరఫున క్షమాపణ చెప్పుకుంటున్నాం అంది. మా లెక్కలో ఐదు కాని ప్రతిదీ సున్నా కిందే లెక్క, పైగా ఇంకా బాగా చేయగలడని ప్రతిసారీ రాసిన కస్టమర్ మీరొక్కరే, అందుకే అతన్ని కౌంటర్ నుంచి తీసేశాం, సోమవారం నుంచి గోడౌన్‌కి పంపుతున్నాం, దయచేసి ఈ గిఫ్ట్ కూపన్ స్వీకరించండి అంది.

కళ్లూ మనసూ లేని ఆ మనిషి ఎవరో అమ్మాయికి తెలిసిపోయింది.

చెప్పులు వేసుకున్నాక చూసుకుంటే రెండూ ఒక జత కావు. అలాగే వెళ్లింది. ఈసారి ప్రాక్టీస్ చేయడానికి టైము లేదు.

మేనేజర్ గది చిన్నది, ఒక బల్ల, మూడు కుర్చీలు. ఆవిడ పెద్దావిడ, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూసింది. అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. నాన్న మార్కుల సంగతి చెప్పింది, మా ఇంట్లో నాలుగంటే ఎంతో చెప్పింది, ఎర్రసిరా గురించి చెప్పింది. మేనేజర్ ఓపిగ్గా విని, కంప్యూటర్‌కి మీ నాన్నగారు తెలీదమ్మా అంది. ఇచ్చిన రేటింగ్ మార్చడానికి వీల్లేదు. కావాలంటే కారణం రాసుకుంటాను, పైవాళ్లకి పంపుతాను.

కారణం రాయాలంటే అతనూ ఉండాలట. పిలిపించింది. కుర్రాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమెని చూశాడు, బల్ల మీద ఆమె రేటింగులు చూశాడు. అతనికి మొత్తం అర్థమైపోయింది. ఆమె తల ఎత్తలేకపోయింది.

మేనేజర్ పెన్ను తీసింది. ఒక స్టార్ ఎందుకు తగ్గించారు, అతని పనిలో లోపం ఏమిటి, సూటిగా చెప్పండి అంది.

లోపం అంటే ఏం చెప్పాలి? నాన్న సాకు అయిపోయింది. ఆమె అసలు కారణం వెతుక్కుంది, అది చాలా దగ్గర్లోనే ఉంది.

"పని తొందరగా ముగించేస్తారు," అంది. "లైను మారి, ఈయన లైన్లోనే నిలబడి, నా వంతు వచ్చేదాకా ఏం మాట్లాడాలో అనుకుంటూ ఉంటాను. తీరా నా వంతు వచ్చాక రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇంకాసేపు నిలబెట్టొచ్చు కదా. ఐదూ ఇచ్చేస్తే మళ్లీ రావడానికి నాకంటూ ఏం మిగలదని అనిపించేది."

మేనేజర్ పెన్ను ఆగిపోయింది. అది ఏ గడిలో రాయాలో ఆవిడకి తెలీలేదు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, కుర్రాడి వైపు తిరిగింది. కంపెనీకి ఇంకో రూలుంది అంది. ఉద్యోగుల చుట్టాలూ స్నేహితులూ ఇచ్చే రేటింగులు చెల్లవు. అందరూ తమవాళ్లతో ఐదులు వేయించుకుంటున్నారని పెట్టిన రూలు. ఈ అమ్మాయి నీకేమవుతుంది అని అడిగింది. కస్టమరే అయితే రేటింగులు ఉంటాయి, అంతకంటే ఎక్కువైతే అన్నీ కొట్టేస్తాను, నిజం చెప్పు.

ఒక్క అబద్ధం ఆడితే ఉద్యోగం దక్కుతుందని అందరికీ తెలుసు. కుర్రాడికి మాత్రం అబద్ధం అక్కర్లేకపోయింది.

"గొడుగు బాగానే ఉంది మేడం," అన్నాడు. "పక్కనున్న క్లిప్పు తీస్తే తెరుచుకుంటుంది. ఆరోజు బస్టాపులోనే నాకు తెలుసు. రేపొస్తానంది కదా అని చెప్పలేదు."

తర్వాత ఆమె వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "మీరంటే నాకు ఇష్టం. కెటిల్ నుంచీ."

"నాక్కూడా," అంది ఆమె. ఆ మాట మేనేజర్ కోసం ఇంగ్లీషులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది, అప్పుడే ఎక్కువ సిగ్గేసింది.

మేనేజర్ రేటింగులన్నీ కొట్టేసింది. మిగతావాళ్లు ఇచ్చినవన్నీ ఐదులే. సోమవారం అతను కౌంటర్‌లోనే ఉన్నాడు, నెలాఖరుకి పర్మినెంట్ కూడా అయ్యాడు. అమ్మాయికి మాత్రం ఆ లైన్లో నిలబడే హక్కు పోయింది. తమవాళ్లకి తాము సర్వీస్ చేయకూడదట. ఆమె పక్క లైన్లో నిలబడి, సంచిలో ఏమీ లేకుండానే, అతని డ్యూటీ అయ్యేదాకా చూస్తూ ఉండేది.

కొన్నాళ్లకి నాన్నకి ఫోన్ చేసింది. అతను పక్కనే కుర్చీ అంచున కూర్చున్నాడు, పరీక్ష ఫలితాలకి వచ్చినవాడిలా. ఆమె అంతా చెప్పింది, స్టార్ల గొడవతో సహా. అన్నీ విన్నాక నాన్న తనకి తెలిసిన ప్రశ్న ఒకటే అడిగారు.

"ఎన్ని వేస్తావమ్మా ఆ అబ్బాయికి?"

"ఐదుకి ఐదు, నాన్నా."

ఆయన, ఏమే, ఇలా ఒకసారి రా అని అమ్మని పిలవడం వినబడింది.

"మా ఇంట్లో పూర్తి మార్కులు పడ్డ మొదటి పేపరు ఇదే తల్లీ," అన్నారు. "ఫోను అబ్బాయికివ్వు. ఇంకా బాగా చేయగలడేమో కనుక్కుంటాను."