అడిగితే బతకని కొమ్మ

"ఒక కొమ్మ ఇస్తారాండీ?" అని అడిగాడు లిఫ్టబ్బాయి.

అడిగింది అంతే. తలుపు తీసిన అమ్మాయి ముఖం కందిపోయింది. మెట్లవైపు ఒకసారి, ఎదురింటి తలుపువైపు ఒకసారి చూసి, ఎవరూ వినలేదని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించి అంది:

"సిగ్గులేదా మీకు? పట్టపగలు, కాలింగ్ బెల్ కొట్టి మరీ అడుగుతారా?"

"మందార కొమ్మే కదండీ..."

"మళ్ళీ అదే మాట! నాన్నగారు వింటే ఏమనుకుంటారు?"

ధడాలున తలుపు పడింది. లిఫ్టబ్బాయి ముక్కుకీ ఆ తలుపుకీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు.

పాపం, అతను చేసిన తప్పేమిటో అతనికి తెలియదు. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు ఉన్న ఆ బిల్డింగుకి ఇన్నేళ్ళకి లిఫ్టు పెట్టాలన్న బుద్ధి పుట్టింది. ఆ పని మీద కంపెనీ అతన్ని పంపి, టెర్రస్ మీది గదిలో మూడు నెలలు ఉండమంది. గదిలో మంచం, టూల్ బాక్సు తప్ప మరేమీ లేవు. నాలుగో అంతస్తులో కండక్టరుగారి గుమ్మం ముందు సాసరంత నారింజ రంగు పువ్వులతో మందారం కనిపించేసరికి, దాని కొమ్మొకటి తెచ్చి పెంచుకుందామని ఆశపడ్డాడు.

అడగడం అంటారా, అది అతని వృత్తిలోనే ఉంది. లిఫ్టు పనిలో బటన్ నొక్కేముందు "లోపల ఎవరైనా ఉన్నారా? నొక్కమంటారా?" అని రెండుసార్లు కేకెయ్యాలి. అడక్కుండా నొక్కే మెకానిక్కుల చేతికి వేళ్ళన్నీ మిగలవు. ఆ అలవాటు అతనికి ఎంత ముదిరిపోయిందంటే, బస్సులో ఖాళీ సీటు కనిపించినా "కూర్చోమంటారా?" అని గాలిని అడిగి కూర్చునేవాడు.

అసలు సంగతి రెండో అంతస్తు టైలరాంటీ చెప్పింది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"మా బిల్డింగులో కొమ్మ ఎవరూ అడగరు బాబూ. ఎవరూ ఇవ్వరు. ఇచ్చిన కొమ్మకి వేరు రాదు. ఎత్తుకొచ్చిందే బతుకుతుంది."

"అంటే... దొంగతనమా ఆంటీ?"

"మరీ అంత మాట ఎందుకు? మర్యాదగా చేసుకుంటాం. నాకు నీ మొక్క నచ్చిందనుకో, రోజూ దాని ముందు ఆగి నిట్టూరుస్తాను. నువ్వు అర్థం చేసుకుని, పక్కన కత్తెర పెట్టి, 'నేను స్నానానికి వెళ్తున్నానహో' అని మెట్లన్నీ వినిపించేలా అరిచి లోపలికి పోవాలి. అంతే!"

"అదేదో చేతికే ఇవ్వొచ్చుగా?"

టైలరాంటీ గుండుసూది మింగబోయి ఆగింది. "ఛ! అదేం పెంపకం బాబూ నీది!"

నిజమే. ఆ ఇరవై ఇళ్ళలోనూ అవే మల్లెలు, అవే గులాబీలు, అవే క్రోటన్లు. అన్నీ ఎత్తుకొచ్చినవే. 'మా మంచి దొంగండీ' అన్నారంటే ఆ మనిషికి అక్కడ అంతకు మించిన బిరుదు లేదు.

మర్నాడు పొద్దున లిఫ్టబ్బాయి గుండె దిటవు చేసుకుని నాలుగో అంతస్తుకి వెళ్ళాడు. కండక్టరుగారు అప్పటికే కుర్చీ వేసుకుని ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. కుర్రాణ్ణి చూడగానే మందారం పక్కన కత్తెర పెట్టి, గోడవైపు తిరిగి, పేపరు తెరిచారు.

లిఫ్టబ్బాయి కత్తెర తీశాడు. కొమ్మ పట్టుకున్నాడు. చెయ్యి కదలందే!

"సార్... కట్ చెయ్యమంటారా?"

పేపరు వణికింది. "బాబూ, నేనిక్కడ లేను."

"ఉన్నారు కద్సార్."

"లేనంటుంటే!"

"లేకపోతే ఎవర్ని అడగాల్సార్?"

లోపల్నించి పకపకా నవ్వు వినిపించింది. ఆ అమ్మాయి కర్టెన్ చాటున నిలబడి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతోంది. చెప్పొద్దూ, లిఫ్టబ్బాయి పని అయిపోయింది అక్కడే. కొమ్మ సంగతి మర్చిపోయి కత్తెరతో సహా మెట్లు దిగిపోయాడు. కత్తెర తిరిగివ్వడానికి సాయంత్రం మళ్ళీ వచ్చాడు, బెల్ కొట్టి.

కండక్టరుగారమ్మాయి ఒక కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. రోజంతా జనాన్ని 'ఇది బావుందా, అది బావుందా' అని అడిగే ఉద్యోగం. ఇంటికొస్తే మాత్రం ఎవరినీ ఏదీ అడక్కూడదు. ఈ కుర్రాడి మీద ఆమెకి జాలి వేసింది. అది జాలేనని ఆమె నమ్మకం.

ఆదివారం జానెడు కొమ్మ కోసి, తడిగుడ్డ చుట్టి, అతను పనిచేస్తున్న చోట మెట్టు మీద వదిలేసి నడిచింది. నాలుగు మెట్లెక్కిందో లేదో వెనక పరుగు వినిపించింది.

"ఏవండీ! మీదేనండీ, పడిపోయింది!"

"నాది కాదు."

"మీదేనండీ. మీ మందారమే, చూడండి."

"నేను చూళ్ళేదు. మీరు దొరకబుచ్చుకోండి."

"అలా ఎలాగండీ, పరాయి సొమ్ము!"

ఆమె తల పట్టుకుంది. ఆ తర్వాత ఆమెకేమైందో గానీ, కొమ్మని లాక్కుని మళ్ళీ అతని చేతిలోనే పెట్టి, ఐదంతస్తులూ మోగేలా అరిచింది: "ఇదిగో, ఇస్తున్నాను! చేతికే ఇస్తున్నాను! తీసుకోండి మహానుభావా!"

టపటపా తలుపులు తెరుచుకున్నాయి. ఇరవై ఇళ్ళవాళ్ళూ ముక్కున వేలేసుకున్నారు. ఆ బిల్డింగు చరిత్రలో ఒకరు ఒకరికి కొమ్మ ఇవ్వడం అదే మొదలు. టైలరాంటీ రెండు రోజులు జాకెట్లు కుట్టలేదు.

పరువు ఎలాగూ పోయింది కదా అని, ఆమె టెర్రస్ మీదికే వచ్చి నాటడం నేర్పింది.

"కింది వైపు కణుపుకి కాస్త దిగువన ఏటవాలుగా కొయ్యాలి. వేరు వచ్చేది ఆ కణుపు దగ్గరే. కింది ఆకులు తీసెయ్యండి. పైన రెండు చాలు, అవీ సగానికి కత్తిరించండి."

"కత్తిరించమంటారా?"

"అన్నాను కదా!"

"రెండుసార్లు అడగడం రూలండీ."

ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపి కుండీలో నింపి, పెన్సిలుతో చిన్న గుంట చేసి కొమ్మ నిలబెట్టారు. నీళ్ళ సీసా అడుగు కోసి పైన బోర్లించారు. "ఎండలో పెట్టకండి. తడి ఆరనివ్వకండి. ముఖ్యంగా, పీకి చూడకండి" అని వేలు చూపించి మరీ చెప్పింది.

ఆ రోజు నుంచి ఆమె సాయంత్రాలన్నీ టెర్రస్ మీదే. కొమ్మ బాగోగులు చూడ్డానికి. ఒకసారి ఉన్నట్టుండి వాన ముంచుకొచ్చింది. ఇద్దరూ పరుగెత్తి కుండీని రేకు కిందకి లాగారు. రేకు చిన్నది. కుండీ పట్టగా మిగిలిన చోటులో ఇద్దరు మనుషులు నిలబడాలంటే చాలా మర్యాదగా నిలబడాలి.

"దూరంగా ఉన్నవి సరిగ్గా కనిపిస్తాయా మీకు?" అంది ఆమె, ముఖం మీది నీళ్ళు తుడుచుకుంటూ.

"ఆ ట్యాంకు మీది అక్షరాలు కూడా చదువుతానండీ."

"మరి దగ్గరివో?"

అతను దగ్గరగా ఉన్నది చూశాడు. చాలాసేపు చూశాడు. "అవి... కాస్త మసక మసగ్గా ఉన్నాయండీ."

"అయితే రేపు షాపుకి రండి. మీ కేసు ముదిరింది" అని ఆమె వానలోకే పరుగెత్తింది.

మూడో వారానికి కొమ్మకి రెండు లేత ఆకులొచ్చాయి. లిఫ్టబ్బాయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అయినా వృత్తి వృత్తే కదా, కింద ఏం జరుగుతోందో తనిఖీ చెయ్యకపోతే నిద్ర పడుతుందా? సున్నితంగా పైకి లాగి చూశాడు. వేర్లు లేవు. మళ్ళీ పెట్టాడు. మర్నాడూ లాగాడు. ఆ మర్నాడూ.

"అడక్కుండా కొమ్మ కొయ్యనన్న మనిషి, అడక్కుండా రోజూ పీకుతారా?" ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఆకులొస్తే వేర్లొచ్చినట్టు కాదండీ! కొమ్మలో దాచుకున్న బలంతో ముందు ఆకులేస్తుంది. వేర్లకి టైం పడుతుంది. మీరు లాగినప్పుడల్లా దాని పని మళ్ళీ మొదటికొస్తుంది!"

కొమ్మ నల్లబడి చచ్చిపోయింది. "చేతికిచ్చింది బతుకుతుందా ఎక్కడైనా?" అని బిల్డింగంతా తీర్పు చెప్పేసింది.

ఈలోగా లిఫ్టు పూర్తి కావొచ్చింది. ఆదివారం ప్రారంభం. సోమవారం పొద్దున అతను వేరే ఊరు వెళ్ళిపోవాలి. ఇంకా వారం కూడా లేదు. లిఫ్టబ్బాయికి ముద్ద దిగడం లేదు. ఆ అమ్మాయిని చూడకుండా ఒక్క రోజు గడవదని తెలిసిపోయింది. ఇక లాభం లేదని ఇస్త్రీ చొక్కా వేసుకుని కండక్టరుగారి ముందు నిలబడ్డాడు.

"సార్, మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

కండక్టరుగారు చెవులు మూసుకున్నారు. "మళ్ళీ అడుగుతాడేంట్రా నాయనా! ఇవ్వను!"

"నాలో ఏం లోపం సార్?"

"కుర్రాడివి బంగారం. లోపమల్లా ఒక్కటే, దొంగబుద్ధి లేదు. మా పెద్దదాన్ని పద్ధతిగా ఇచ్చి చేశాను బాబూ. ఆరేళ్ళయింది, ఇంతవరకు ఆ అల్లుడు నవ్వగా నేను చూళ్ళేదు. నేను మీ ఆంటీని ఆఖరి ట్రిప్పులో ఎక్కించుకుని వచ్చేశాను. చూడు, ముప్ఫై రెండేళ్ళు!"

వంటింట్లోంచి ఆంటీ గొంతు వినిపించింది. "ఎత్తుకొచ్చారు సరే, ఆ రోజు నాక్కూడా టిక్కెట్టు కొట్టారు. అది చెప్పరేం?"

లిఫ్టబ్బాయి గురువారం మళ్ళీ అడిగాడు. శనివారం మళ్ళీ అడిగాడు. శనివారం నాడు కండక్టరుగారి కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ. "రేపు పదకొండింటికి నేను స్నానానికి వెళ్తాను. చాలా సేపు చేస్తాను. అర్థమైందా? ఇంతకంటే ఏ తండ్రయినా ఏం చెప్పగలడు?"

ఆదివారం పదకొండయింది. లిఫ్టబ్బాయి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని రెండుసార్లు కేకేసి, ఎవరూ లేరని తేల్చుకుని, కొత్త లిఫ్టులో మొదటిసారి పైకి బయల్దేరాడు. జాలీ తలుపులోంచి చూస్తే ప్రతి అంతస్తులోనూ జనమే. అందరూ గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు. టైలరాంటీ మాత్రం ఒక కన్ను ఇటు వేసి ఉంచింది.

నాలుగో అంతస్తులో తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గుమ్మంలో సూట్‌కేసు, దాని మీద రెండు బస్సు టిక్కెట్లు. బాత్రూంలోంచి నీళ్ళ చప్పుడు, పాట, మధ్యమధ్య "నేను స్నానంలో ఉన్నానహో" అన్న కేక. సూట్‌కేసు పక్కనే స్టూలు మీద ఆ అమ్మాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రండి. ఎత్తుకుపోండి" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు.

"నా వల్ల కాదండీ. మీ నాన్నగారిని ఇంకొక్కసారి అడుగుతాను."

"అడగండి! ఇప్పటికి మూడుసార్లు ఆయన్నే అడిగారు. ఆయన ఇవ్వనంటున్నారు, ఎత్తుకుపోమంటున్నారు. నా బట్టలు ఆయనే సర్దేశారు, నాకిష్టంలేని ఆ పసుపు డ్రెస్సుతో సహా. మీరు ఎత్తుకుపోనంటున్నారు, ఇవ్వమంటున్నారు. మధ్యలో నన్నెవరైనా అడిగారా?"

లిఫ్టబ్బాయి బటన్ని అడిగాడు, సీటుని అడిగాడు, ఖాళీగా ఉన్న లిఫ్టుని రెండుసార్లు అడిగి మరీ ఎక్కాడు. ఈ పిల్లని మాత్రం అడగలేదు. చెంపలు వాయించుకోవాలనిపించింది. ఆ సూట్‌కేసు మీదే కూలబడ్డాడు, కూర్చోమంటారా అని అడక్కుండా.

"తప్పయిపోయిందండీ" అన్నాడు. "మీరంటే నాకు ప్రాణం. రేపు మిమ్మల్ని వదిలి వెళ్ళాలంటే ఏడుపొస్తోంది. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె పెదవి కొరుక్కుంది. "రూలు ప్రకారం రెండుసార్లు కదా?"

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"చేసుకుంటాను" అంది. ఆ తర్వాత మెల్లగా, "ఈ బిల్డింగులో పుట్టి పెరిగానండీ. ఇరవయ్యైదేళ్ళలో నన్ను ఒక మాట అడిగినవాళ్ళు లేరు. ఎంత బావుంటుందో నాకు తెలీలేదు" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతనికీ తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ట్యాంకులో నీళ్ళయిపోయాయి. పాట ఆగింది. ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని, కండక్టరుగారు తలుపు ఓరగా తీశారు. "ఇంకా ఇక్కడే ఉన్నారా! బస్సు తప్పిపోతుందర్రా!"

"నాన్నా, నన్నెవరూ ఎత్తుకుపోవడం లేదు" అంది ఆ అమ్మాయి లేచి నిలబడి. "మీరు ఇవ్వనూ అక్కర్లేదు. ఈయన అడిగారు, నేను సరే అన్నాను. మీ అందరి ఎదురుగా, ఈ మెట్ల మీదే పెళ్ళి చేసుకుని, ఆ లిఫ్టులో దిగి వెళ్తాను."

"అందరి ఎదురుగానా?" కండక్టరుగారు వెలవెలబోయారు. "వేరు నిలబడకపోతేనో తల్లీ?"

"మీరు అటు తిరిగి నిలబడితే, నేను వెళ్ళడం మీకు కనబడుతుందా నాన్నా?"

ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు మెట్ల మీద నిలబడి, ఎవరు ఎక్కినా ఎవరు దిగినా చూసి గానీ రైట్ చెప్పని మనిషి. తన కూతురు వెళ్తుంటే మాత్రం గోడవైపు తిరిగి నిలబడదామనుకున్నారు. అది తలకెక్కేసరికి పెద్దాయన ఒళ్ళు మరిచి, తువ్వాలు అంచుతో కళ్ళు తుడుచుకోబోయి, తువ్వాలు ఒక్కటే ఉందని గుర్తొచ్చి ఆపుకున్నారు.

"అందర్నీ ఇటు తిరగమను" అన్నారు, మెట్లవైపు చెయ్యి చూపిస్తూ. "పెళ్ళి నాడు నేను ముందు వరసలో కూర్చుంటాను. దాన్ని కళ్ళారా చూసుకుంటాను."

ఐదంతస్తుల్లోనూ జనం ఒక్కొక్కరే ఇటు తిరిగారు. కండక్టరుగారు మాత్రం స్నానం పూర్తి చెయ్యడానికి కింది ఇంటికి వెళ్ళి, బెల్ కొట్టి, పట్టి ఉంచుకున్న నీళ్ళు రెండు బకెట్లిస్తారా అని అడగాల్సి వచ్చింది.