కోళ్ల దొర ఇంట్లో పాట

కేసముద్రం అవతల ఒక ఊళ్లో, బావుల దారి పక్కన, ఒంటరిగా ఒక పెంకుటిల్లు ఉండేది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ ఒంటరిగా పోయేవాళ్లు కారు. ఇద్దరు కలిసి పోయినా, ఇంటివైపు ఎవరు నడవాలన్న దగ్గర తగాదా పడేవాళ్లు.

దాని పేరు కోళ్ల దొర ఇల్లు. కోళ్ల ఫారం పెట్టడం నేర్పిస్తానని అమెరికా నుంచి ఒక కుర్ర దొర వచ్చి రెండేళ్లు అందులో ఉన్నాడు. డెబ్బై అయిదులో, దసరా పోయాక, తిరిగి రమ్మని కబురొస్తే ఒక సాయంత్రం హడావుడిగా తాళం వేసి బస్సెక్కాడు. ఆ రాత్రి నుంచే మొదలైంది... మనిషి లేని ఇంట్లో, మగ గొంతు.

నాకీ సంగతి చెప్పింది లైన్‌మన్ లక్ష్మీనారాయణ మామ. కరెంటు స్తంభాలెక్కే మనిషి, ఊరికే అబద్ధాలాడడు. ఆడితే మాత్రం స్తంభమంత ఎత్తున ఆడతాడు. ఇది అలాంటిది కాదని ఒట్టేశాడు.

యాకయ్య బావి ఆ ఇంటికి అవతల. ఎకరన్నర యాసంగి వరి. పెళ్లాం మొగిలమ్మ మెడలోని బంగారు గుండ్లు అమ్మి వేసిన వరి అది. ఎండితే ఆ ఏడు ఇంట్లో గింజ ఉండదు. బావిలో నీళ్లకు కొదవ లేదు గానీ, మోటారుకు కరెంటే రాత్రిపూట వచ్చేది. ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో దేవుడికే తెలియాలి. ఊళ్లో వీధి బల్బు వెలగగానే బావికి పరుగెత్తడమే రైతు పని.

ఆ రాత్రి ఎనిమిది కావస్తోంది. బల్బు వెలిగింది. యాకయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, టార్చి పట్టుకుని పరుగెత్తాడు. కోళ్ల దొర ఇంటి ముందుకు వచ్చాడో లేదో—

చిటపట... చిటపట...

లోపల ఏదో వేగుతోంది. ఆ చిటపటలోంచి ముక్కుతో మూలుగుతూ ఒక గొంతు లేచింది. తెలుగు కాదు, ఉర్దూ కాదు. ఒక మాట అంది. ఆగింది... మళ్లీ అదే మాట అంది.

యాకయ్య టార్చి ఆర్పేశాడు. దయ్యం రెండుసార్లే పిలుస్తుందని, మూడోసారి పిలిస్తే అది మనిషని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పింది. ఊపిరి బిగబట్టి మూడోసారి కోసం చూశాడు.

మూడోసారి... మాట మార్చేసింది!

"తల్లీ ఎల్లమ్మా... ఇడిసిపెట్టుమను... కోడిని కోస్త..." అని గొణిగాడు.

అంతే. లోపలి గొంతు లావెక్కి, బొంగురుపోయి, పాతాళంలోకి దిగుతున్నట్టు గుర్రుమని... ఆగిపోయింది. ఊరివైపు చూస్తే ఒక్క దీపం లేదు. మొక్కు ముట్టిందనుకుని యాకయ్య ఇంటికి ఉరికాడు.

మర్నాడు బల్బు వెలగగానే మళ్లీ వెళ్లాడు. మళ్లీ చిటపట. "నా కోడినే ఏంచుతాంది" అనుకున్నాడు. కోడిని ఇంకా కోయనే లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఇంకొకటి మొక్కి వెనక్కి తిరిగాడు. వారం తిరిగేసరికి మొక్కులు ఏడు కోళ్లయ్యాయి. ఇంట్లో ఉన్నవి రెండు. వాటిలో ఒకటి పొదుగుతోంది.

మొగిలమ్మ అడిగితే, "మోటరు లేస్తలేదే... ఫేజు తక్కువొస్తాంది" అని చెప్పి ముసుగు తన్నాడు.

ఎనిమిదో నాడు మొగిలమ్మ చేనికి వెళ్లింది. మడి నెర్రెల్లో ఆమె బొటనవేలు దూరింది. గట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, నేరుగా లైన్‌మన్ ఇంటికి వెళ్లింది.

చీకటి పడ్డాక యాకయ్యను వెంటబెట్టుకుని ముగ్గురూ బావుల దారి పట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా కోళ్ల దొర ఇంటి ముందే ఉంది. లక్ష్మీనారాయణ మామ రబ్బరు తొడుగులేసుకుని ఫ్యూజు డబ్బా తెరిచాడు. యాకయ్య కళ్లు మాత్రం ఇంటి మీదే ఉన్నాయి.

"కరెంటొచ్చినట్టుంది యాకయ్యా," అన్నాడు మామ, వీధి బల్బు చూసి.

గుర్ర్... ఊఁ... చిటపట...

"అగో! మొదలువెట్టింది!" యాకయ్య వచ్చి మామ నడుం వాటేసుకున్నాడు. ఆ ఊపుకు మామ చేతిలోకి ఫ్యూజు ఊడి వచ్చేసింది. గొంతు గుర్రుమని ఆగిపోయింది.

మొగిలమ్మ ఒకసారి ఇంటివైపు, ఒకసారి మామ చేతివైపు చూసింది.

"లచ్చీనారాయణా," మొగిలమ్మ మెల్లగా అంది, "అది మల్ల పెట్టు బిడ్డా."

పెట్టాడు. గుర్ర్... ఊఁ... చిటపట...

"పీకు."

పీకాడు. ఆగింది.

మొగిలమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యో, దయ్యానికి గూడ కరెంటు గావాల్నా?"

తాళం పగలగొట్టి టార్చి వేశారు. బల్ల మీద ఒక రికార్డు పెట్టె. పాట అయిపోతే ముల్లు తనంతట తానే మొదటికొచ్చి మళ్లీ పాడే రకం. దొర వెళ్లిన సాయంత్రం కరెంటు లేదు. స్విచ్చి కట్టేయడం మరిచిపోయాడు. పక్కన రికార్డు అట్ట. దాని మీద గిటారు పట్టుకున్న నల్లటి మనిషి, కళ్లు లేవు. మామ వెనకవైపు కూడబలుక్కుని చదివాడు. అమెరికాలో పత్తి ఏరే కూలీల ఊళ్లల్లో పాడుకునేవాడట. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, మొట్టమొదట రికార్డు చేసిన పాటలట. అసలు రికార్డులు అరిగిపోతే, ఆ అరిగినవాటి నుంచే ఎత్తి దీంట్లో పోశారట. అందుకే చిటపట.

మామ వెళ్లి ఫ్యూజు పెట్టి వచ్చాడు. పాట మొదలైంది. ఒక మాట... మళ్లీ అదే మాట... మూడోసారి ఇంకోటి. మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"ఈ అయ్య చేను గూడ ఎండినట్టున్నది," అంది.

యాకయ్య తల దించుకున్నాడు. "నీ గుండ్లు యాదికొచ్చినయే. బాయికాడికి పోతననే అనుకున్న ప్రతిసారి. భయమే గెలిశింది."

మామ స్విచ్చి కట్టేయబోతే మొగిలమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యి బిడ్డా. కిటికీ తలుపులు దియ్యి. జర సౌండు గూడ పెంచు."

అది మొదలు యాకయ్య బావి దగ్గరే మంచం వేసుకున్నాడు. పాట వినపడిందంటే కరెంటొచ్చినట్టే. లేచి మోటారు వేసేవాడు. మడి నెర్రెలు పూడాయి. పంట ఇంటికొచ్చింది, దాని వెనకే మంచమూ వచ్చింది. ఏడు మొక్కుల్లో ఒకటి తీర్చారు. కూర మామ కూడా తిన్నాడు. మిగతా ఆరింటికి గడువు పెట్టుకున్నారు.

వడ్లు వచ్చిన వారానికి పెద్ద గాలివాన. స్తంభాలు పడిపోయి నాలుగు రోజులు కరెంటు లేదు. అయిదో రాత్రి వాకిట్లో పడుకున్న మొగిలమ్మకు మెలకువ వచ్చింది.

ఊఁ... అదే మూలుగు. అదే పాట.

వీధి బల్బు చూసింది. వెలగడం లేదు. కోళ్ల దొర ఇల్లు అంత దూరాన... గొంతు మాత్రం చెవి పక్కనే ఉంది. ఒక మాట అంది. ఆగింది. మళ్లీ అదే మాట అంది...

మొగిలమ్మ దుప్పటి తల మీదికి లాక్కుంది. మూడోసారి కోసం చూసింది.

"...కరెంటొచ్చిందే మొగిలీ... మోటరెయ్యవే..."

పక్క మంచంలో యాకయ్య. నిద్రలో.