ఆఖరున దిగేవాడు

సముద్రానికి అవతలి విమానాశ్రయం నుంచి ఇక్కడికి ఎనిమిది వేల నాలుగొందల కిలోమీటర్లు. పది గంటల ఇరవై నిమిషాల ప్రయాణం. కెప్టెన్ భార్యకి ఈ లెక్క కంఠోపాఠం. మన టైములో పొద్దున ఆరింటికి ఆయన విమానం లేచిందంటే సాయంత్రం నాలుగూ ఇరవైకి దిగాలి, ఆరింటికి ఇల్లు చేరాలి. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆలస్యంగా వచ్చిన రోజులున్నాయి గానీ, ముందొచ్చిన పాపాన పోలేదు. ప్రయాణికులంతా దిగి, ఆఖరి ముసలమ్మకి చేతికర్ర దొరికేదాకా ఆ మహానుభావుడు విమానం వదిలితేగా!

ఆ వేళ మధ్యాహ్నం పన్నెండున్నరకే బెల్లు మోగింది. బట్టలు మడతపెడుతున్న ఆవిడ లేచి తలుపు తీసింది.

ఆయనే. యూనిఫాం ఒంటికి అతుక్కుపోయింది. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. బయటేమో మాడు పగిలిపోయే ఎండ.

"అదేంటండీ, అప్పుడే ఎలా వచ్చారు?"

"దగ్గర దారి దొరికింది." గొంతు బొంగురుపోయి ఉంది.

వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. గదంతా ఉప్పు వాసన, కిరసనాయిలు వాసన. తువ్వాలు తెస్తానంటూ ఆవిడ లోపలికెళ్ళి ఫోన్ తీసింది. విమానాలు ఎక్కడున్నాయో చూపించే మ్యాపులో ఆయన విమానం సముద్రం మధ్యలో పసుపు చుక్క. ఇంకా 4,300 కిలోమీటర్లు. పదకొండింటికి చూసినప్పుడూ ఇదే అంకె.

"ఏమే," హాల్లోంచి పిలుపు. "ఇంకా ఎంత దూరం చూపిస్తోంది?"

ఆవిడ తువ్వాలు తెచ్చి తల తుడవబోయింది. వేళ్ళకి ఆయన మెడ తగిలింది. చల్లగా... బిగుసుకుపోయి...

పోయాడు. తన మనిషి పోయాడు. అయినా ఇల్లు చేరాడు, అంతే చాలనుకుంది పిచ్చిది.

"నా కోసమే వచ్చారా?" గుసగుసగా అడిగింది.

ఆయన తలుపు వైపే చూస్తున్నాడు.

"మీరు ఆఖరున కదండీ దిగేది..."

"అవును. అందరూ దిగారు."

"ఎక్కడ?"

బెల్లు మోగింది.

"వాళ్ళకి దారి తెలీదే," అన్నాడు మెల్లగా. "నాకు తెలిసిన ఇల్లు ఇదొక్కటే."

తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసింది. మెట్ల నిండా మనుషులు. కింద గేటుదాకా మనుషులు. అందరూ తడిసి ముద్దయ్యారు. అలికిడి లేదు... దగ్గు లేదు... అందరికంటే ముందు ఒక ముసలమ్మ, గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మా... ఇంకా ఎంతసేపు?"

అంతలో చేతిలో ఫోన్ వెలిగింది. చుక్క కదిలింది. 4,299... 4,290... 4,260...

"ఏవండీ... అందరూ దిగారన్నారుగా. మరి అది ఎవరు నడుపుతున్నారు?"

ఆయన అంకె చూశాడు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

"తలుపు తియ్యవే... వాళ్ళని లోపలికి రానీ... తొందరగా... అది ఇక్కడికి వచ్చేలోగా..."