ఎడమవైపు గ్లాసు

2074లో కాకినాడలో హోటల్ భోజనం చేసి లేచినవాడు జేబు తడుముకోడు. బల్ల మీద ఎంత వదిలితే పరువు దక్కుతుంది, ఎంత వదిలితే తెలివితక్కువవాడి కింద జమకడతారు, అసలేమీ వదలకపోతే సర్వరేమనుకుంటాడు అన్న అవస్థలన్నీ పదమూడేళ్ళ కిందటే పోయాయి. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి స్తంభం మీద చిన్న దీపం ఒకసారి వెలిగి ఆరిపోతుంది. టిప్పు వెళ్ళిపోయినట్టే. ఎంత వెళ్ళిందో ఇచ్చినవాడు అడగడు, అడగాలని తోచదు కూడా.

ఆ దీపం వెనకున్న యంత్రం పేరు తృప్తిమాపకం. దాన్ని కనిపెట్టిన డాక్టర్ కోసూరి హారిణి ఆ మధ్యాహ్నం పన్నెండింటికి అలకనంద భోజనశాలలో అడుగుపెట్టింది. చదువుకునే రోజుల్లో ఆమె రోజూ తిన్న చోటే అది. ఢిల్లీ వెళ్ళాక మళ్ళీ ఇటు రాలేదు. సభలు, సన్మానాలు, విమానాల్లో అట్టపెట్టెల భోజనాలు. మనిషి వడ్డిస్తే తిని ఎన్నాళ్ళైందో ఆమెకే గుర్తు లేదు.

ఆ యంత్రం పుట్టింది కూడా ఈ హాల్లోనే, ఆమె కోపంలోంచి. అప్పట్లో లోవరాజు అనే సర్వర్ ఒక కుటుంబానికి కొసరి కొసరి వడ్డిస్తే, ఆ ఇంటాయన పళ్ళు కుట్టుకుంటూ లేచి చూడనట్టు వెళ్ళిపోయాడు. ఆ పక్కబల్ల దగ్గర సాంబారులో బొటనవేలు ముంచి తెచ్చినవాడికి మాత్రం, స్నేహితుల ముందు గొప్ప కోసం ఎవరో పెద్ద నోటు పడేశారు. హారిణికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనిషి నోరు అబద్ధమాడుతుంది, చెయ్యి పిసినారితనం చేస్తుంది, నాడి మాత్రం ఉన్నదే చెబుతుంది కదా అనుకుంది. తర్వాత ప్రతి సభలోనూ ఆ మాటే చెప్పి చప్పట్లు కొట్టించుకుంది.

యంత్రం పని విప్పి చెబితే తేలికే. కుర్చీలోని పట్టీ నాడిని చదువుతుంది. బల్ల అంచున ఉన్న సెన్సర్లు ఊపిరినీ, చెమట తడినీ పడతాయి. స్తంభం మీది కెమెరా ముఖంలోకి వచ్చే రక్తాన్ని గమనిస్తుంది. వంట రుచి వల్ల కలిగే సుఖం దవడ కదలికలో దొరికిపోతుంది కాబట్టి దాన్ని తీసేస్తారు. మిగిలిందంతా వడ్డించిన మనిషి వల్ల కలిగింది. దానికి హారిణి పెట్టిన పేరు సేవాతృప్తి. సున్నా నుంచి నూరు దాకా ఒక అంకె. అది పెరిగితే స్తంభం మీది దీపం కాంతి పెరుగుతుంది, తగ్గితే మసకబారుతుంది. ఆ అంకెను బట్టి టిప్పు, ఆ టిప్పే సర్వరుకి జీతం. వరసగా మూడు నెలలు నలభై దాటకపోతే ఆ మనిషిని పంపేసి చక్రాల యంత్రాన్ని పెడతారు. పంపేముందు ఒక్క అవకాశం ఉంటుంది. దాన్ని తుదిపంక్తి అంటారు. పరిశోధనశాల నుంచి ఒక అధికారి వచ్చి భోంచేస్తాడు. ఆ ఒక్క భోజనం అంకె నలభై దాటితే సర్వర్ ఉంటాడు, లేకపోతే పోతాడు. ఎవరూ చేత్తో దిద్దడానికి వీల్లేదు. ఈ నిబంధన రాసిందీ హారిణే.

ఆ నెల జాబితాలో లోవరాజు పేరు చూసి ఆమె ఉలిక్కిపడింది. అంకె ముప్ఫై ఒకటి. తొలి ప్రయోగాల్లో హాస్టల్ విద్యార్థుల్ని కూచోబెట్టి అతని చేత వడ్డింపించినప్పుడు వచ్చింది డెబ్బై నాలుగు. మంచి వడ్డన అంటే ఇదీ అని యంత్రానికి నేర్పింది అతని చేతిని చూపించే. అందుకే కింది ఉద్యోగిని పంపకుండా తనే బయల్దేరింది.

"హారిణమ్మగారాండీ," అన్నాడు లోవరాజు. అరవై రెండేళ్ళ మనిషి, భుజం మీద అదే తెల్ల తువ్వాలు. "చిక్కిపోయారండి. మీ ఆకు కిటికీ పక్కనేశానండి. ఆ మూల ఎండ పడదు."

"లోవరాజు గారూ, మీరు కంగారు పడకండి. యంత్రంలో ఎక్కడో తేడా ఉంది. అది పట్టుకోడానికే వచ్చాను."

"యంత్రంలో ఉంటే బానే ఉండునండి," అన్నాడతను. గొంతు తగ్గించాడు. "పైన గది పనిలో ఉన్నోళ్ళకే ఇస్తారండి. మా ఆవిడ మెట్లు దిగి రెండేళ్ళైందండి. ఈ వయసులో దాన్నెక్కడికి మోసుకెళ్ళనండి?"

ముందు మిగతావాళ్ళకి వడ్డించమని, తను చూస్తానని చెప్పి హారిణి కూర్చుంది. పక్క బల్ల ఖాళీగా ఉంది. ఆకు వేసి, పక్కన చెంచా పెట్టి, మంచినీళ్ళ గ్లాసు ఎడమవైపు పెట్టి ఉంది. మిగతా బల్లల మీద గ్లాసులన్నీ కుడివైపే ఉన్నాయి.

"గ్లాసు అటు పెట్టారేం?"

"కామేశం గారికండి. రిటైరైన మాస్టారు. ఒకటింపావుకి వత్తారు. పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయిందండి. గ్లాసు కుడివైపుంటే అందించమని ఎవర్నో ఒకర్ని అడగాలి. అడగడం ఆయనకి చచ్చేంత కష్టం."

హారిణి మణికట్టు తెర మీద ఆ బల్ల పాత అంకెలు చూసింది. ఇరవై రెండు. రోజూ ఇరవై రెండే. గ్లాసు ఎటువైపు ఉందో ఆ మాస్టారు ఏనాడూ గమనించినట్టే లేదు.

ముప్పావుగంట సేపు ఆమె లోవరాజును చూసింది. చంటిపిల్లతో వచ్చిన తల్లికి అడక్కుండానే ముద్దపప్పు, నెయ్యి ముందుగా తెచ్చాడు. మాటిమాటికీ గడియారం చూసుకుంటున్న ఉద్యోగికి చారూ పెరుగూ ఒకేసారి తెచ్చి పెట్టాడు. ఆకు మీద ఏది అయిపోబోతోందో తినేవాడికంటే ముందు అతనికి తెలుస్తోంది. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ పిలవలేదు, ఎవరూ తలెత్తి అతని ముఖం చూడనూ లేదు. అంకెలు ఇరవై ఎనిమిది, ముప్ఫై మూడు, ముప్ఫై.

అవతలి వరసలో వీరబాబు వడ్డిస్తున్నాడు. నలభై దాటిన మనిషి. కూర అడిగితే పచ్చడి తెచ్చాడు. పచ్చడి పక్కన పెట్టి మళ్ళీ వెళ్ళి మర్చిపోయాడు. చివరికి సాంబారు అన్నం మీద కాకుండా అప్పడం మీద పోశాడు.

"కళ్ళు ఎక్కడ పెట్టుకుని వడ్డిస్తున్నావయ్యా," అని ఆరో బల్ల ఆసామి గయ్యిమన్నాడు. హాలంతా అటు తిరిగింది. వీరబాబు రెండు చేతులూ జోడించి నడుం వంచాడు. "తప్పైపోయిందండి. కొత్తోణ్ణండి. తమరు క్షమించాలండి." ఆసామి కాసేపు చూసి, "సరేలే, పో, ఇంకో అప్పడం పట్రా," అన్నాడు.

స్తంభం మీద దీపం ధగధగా వెలిగింది. హారిణి తెర మీద ఎనభై ఎనిమిది.

హారిణి చెవిలో ఉన్న మాటపరికరాన్ని తట్టింది. "మాపకం, ఆరో బల్ల అంకెలో దోషం ఉంది."

"లేదు," అంది యంత్రం. దాని గొంతు కూడా ఆమె ఎంచి పెట్టిందే, నింపాదిగా ఉంటుంది.

"సర్వర్ తప్పు చేశాడు. అంకె తగ్గాలి."

"తప్పు చేసినప్పుడు తగ్గింది. తిట్టడం మొదలయ్యాక లేచింది. సర్వర్ నడుం వంచాక ఎనభై ఎనిమిదికి చేరింది."

"అది కోపం."

"కోపం గుర్తులు వేరు. అది తొమ్మిది సెకన్లలో దిగిపోయింది. తర్వాత మిగిలింది తృప్తి. మీరు నేర్పిన గుర్తులతోనే చెబుతున్నాను."

హారిణి ఆరో బల్ల వంక మళ్ళీ చూసింది. "ఇలా తిట్టి పొందిన తృప్తంతా తీసేసి దేశం మొత్తానికి లెక్క కట్టు. సగటు ఎంత?"

"పంతొమ్మిది."

తృప్తి సగటు ఏడాదికేడాది పెరిగి డెబ్బై తొమ్మిదికి చేరిందని పోయిన నెలలోనే ఆమెకి పతకం ఇచ్చారు. ఆ పెరిగిందంతా ఏమిటో ఇప్పుడు తెలిసింది.

"లోవరాజుది?"

"అతని అంకెలో తీసేయడానికి ఏమీ లేదు. ముప్ఫై ఒకటి. ఆ లెక్కన దేశంలో మొదటి స్థానం అతనిదే."

"మరి మొదట్లో డెబ్బై నాలుగు వచ్చింది కదా."

"హాస్టల్ విద్యార్థులకి అంతకుముందు ఎవరూ కొసరి వడ్డించలేదు. అలవాటైన సుఖాన్ని నాడి గుర్తించదు."

వీరబాబు ఖాళీ గిన్నెలతో ఇటుగా వస్తుంటే హారిణి ఆపింది. ఎన్నేళ్ళుగా ఇక్కడ చేస్తున్నావని అడిగింది.

"పదకొండేళ్ళండి."

"కొత్తవాణ్ణని చెప్పావు."

అతను సిగ్గుపడలేదు. "అందరికీ అదే చెప్తానండి. ముందు కాస్త విసిగించాలి, ఆనక తిట్టించుకోవాలి, అప్పుడు కాళ్ళావేళ్ళా పడాలి. మరీ ఎక్కువ విసిగిస్తే లేచి పోతారండి, కొలత తెలియాలి. ఊళ్ళో సర్వర్లందరిదీ ఇదే పనండి. మా లోవరాజు బాబాయికీ నేర్పుతానన్నానండి. ఆయన చెయ్యి మాట వినదండి. దానంతటది సరిగ్గా వడ్డించేత్తది." గిన్నెలు సర్దుకుని వెళ్ళబోతూ ఆగాడు. "ఇయ్యాల మీరొత్తున్నారంటే మళ్ళీ చెప్పానండి. నాకు అక్కర్లేదురా, వచ్చేది హారిణమ్మ అన్నాడండి."

హారిణి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. సూత్రం మార్చవచ్చు. తిట్టిన సుఖాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. తీసేస్తే దేశంలో సర్వరన్నవాడు ఒక్కడూ మిగలడు, అందరి చోటా చక్రాలు తిరుగుతాయి. అయినా దానికి ఏళ్ళు పడుతుంది. లోవరాజు బతుకు ఇంకో అరగంటలో తేలాలి. పాపం, అతనికి ఉన్న దిక్కల్లా హారిణి నాడి. ఈ మనిషి విలువ తనకి తెలుసు, అతనంటే అభిమానం ఉంది, నలభై దాటడం ఎంత పని అని గుండె చిక్కబట్టుకుని, "వడ్డించండి," అంది.

లోవరాజు వడ్డించాడు. అన్నం వేడి తగ్గాక గానీ నెయ్యి వెయ్యలేదు, పాతికేళ్ళ కిందట ఆమెకి నాలుక కాలిన సంగతి గుర్తుంది కాబట్టి. కందిపొడి ఆకు అంచున చిటికెడే పెట్టాడు. గుత్తొంకాయలో చిన్న కాయ ఏరి వేశాడు. హారిణి ఒక్కొక్కటీ గమనించింది, ప్రతిదానికీ మనసులో నమస్కారం పెట్టింది. తెర మీద ముప్ఫై ఆరు.

ఇంకా సంతోషించడానికి చూసింది. అతను చదువుకునే రోజుల్లో తనకి పెట్టిన రెండో కూరలన్నీ తలుచుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ముప్ఫై ఐదు.

"ప్రయత్నాన్ని తృప్తి కింద లెక్కపెట్టలేను," అంది యంత్రం చెవిలో.

చారు వచ్చింది. ఇక పెరుగుతో భోజనం అయిపోతుంది. లోవరాజు స్తంభం వంక ఒకసారి చూశాడు. మసకగా ఉన్న దీపం సంగతి అతనికీ తెలుసు. గిన్నె వంచాడు. పొగలు కక్కుతున్న చారు ఆకు మీద కాకుండా ఆమె చీర మీద పడి పాదం మీదికి కారింది.

"అబ్బా, ఏంటిది, చూసుకోవద్దా?" హారిణి గొంతు హాలంతా వినిపించింది. "చేతులు వణికేవాళ్ళు ఇంట్లో కూచోవాలి గానీ, జనం మీద పొయ్యడమేంటి? పట్టుచీర ఇది."

లోవరాజు కిందికి వంగాడు. భుజం మీది తువ్వాలు తీసి ఆమె పాదం తుడిచాడు. "తప్పైపోయిందండమ్మా. పెద్ద మనసు చేసుకోండి." నెరిసిన తల ఆమె మోకాళ్ళ దగ్గరగా ఉంది. చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారు.

"సరే, సరే. పోనివ్వండి. లేవండి," అంది హారిణి మెత్తగా. ఆ మాట అంటుంటే ఒళ్ళంతా తేలికైంది. పొద్దుట్నుంచీ ఉన్న తలనొప్పి తగ్గింది. తను ఎంత మంచిదో కదా అనిపించింది.

స్తంభం మీద దీపం వెలిగింది. తొంభై మూడు. ఆ రోజు ఆ హాల్లో అంత అంకె ఇంకెవరికీ రాలేదు.

లోవరాజు లేచి నిలబడ్డాడు. చారుగిన్నె పట్టుకున్న చెయ్యి కొంచెం కూడా వణకడం లేదు. హారిణి ఆ చేతిని చూసింది, తర్వాత అతని ముఖం చూసింది.

"కావాలనే పోశారా?"

"నలభై ఏళ్ళలో నా చెయ్యి తొణకలేదండి. వీరబాబు చెప్పినట్టు చేశానండి. మీ దగ్గర పని చెయ్యదనుకున్నానండి." అతని గొంతులో నిష్ఠూరం లేదు, అదే ఆమెకి భరించరానిదైంది. "మా హారిణమ్మ అందర్లాంటి మనిషి కాదని ఆడితో పందెం కూడా కట్టానండి. పోన్లెండి. గది నిలబడింది."

ఆమె మణికట్టు తెర చూసుకుంది. తొంభై మూడు అన్న అంకె ఇంకా వెలుగుతూనే ఉంది, దాన్ని దిద్దడానికి వీల్లేదని రాసింది ఆమే.

ఒకటింపావు అయింది. కామేశం మాస్టారు కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. కర్ర గోడకి ఆనించి, ఎడమచేత్తో చెంచా తీసుకున్నాడు. లోవరాజు ఆయన దగ్గరికి నడిచాడు. స్తంభం మీది దీపం వంక చూశాడు. తర్వాత మంచినీళ్ళ గ్లాసు తీసి కుడివైపు పెట్టి, ఆయన పిలిచేదాకా తల వంచుకుని ఆ పక్కనే నిలుచున్నాడు.