తొక్కు... అలాగే ఉంచు... వదులు

పెడలమ్మ వయసు నలభై మూడు. గోళ్ళు ఎప్పుడూ మొదలంటా కత్తిరించుకుని ఉంటుంది.

అది ఆమె అసలు పేరు కాదు, మొగుడి స్నేహితులు తగిలించిన పేరు. ఎందుకు తగిలించారో చెబుతాను గానీ, ముందు ఆ షెడ్డు సంగతి వినండి.

వీధి చివర, పైన రేకులు, ముందు షట్టరు. చీకటి పడితే దాని పక్కనుంచి ఎవరూ నడవరు. కుక్కల్ని తిప్పేవాళ్ళు కూడా అక్కడికి రాగానే గొలుసు గుంజి వెనక్కి మళ్ళుతారు. లోపల ఆమె మొగుడి పాత స్పోర్ట్స్ కారు ఉంది. దాని కిందే అతను పోయాడు. జాకీ జారింది. కారుని ఆనించడానికి ఇనుప స్టాండ్లు కొనమని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. "ఇటుకలు చాలవా? నాకు నువ్వు చెబుతావా?" అన్నాడు. ఇటుకలు చాల్లేదు.

అప్పటినుంచి రాత్రిపూట ఆ షెడ్డులో ఇనుము మీద ఇనుము మోగుతోందన్నారు... నేల మీద ఎవరో పాకుతున్నారన్నారు...

ఆ కారుకి అతను చేయని ముస్తాబు లేదు. రెండో కార్బ్యురేటర్ పెట్టాడు, వీధి దద్దరిల్లే సైలెన్సర్ పెట్టాడు, వెడల్పాటి టైర్లు వేశాడు. పరిగెత్తించేవన్నీ మార్చాడు. ఆపేదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఆ పాత బ్రేకు గొట్టాల్లో మాటిమాటికీ గాలి చేరేది. గాలి తీయాలంటే ఒకరు కింద పడుకుని నట్టు తిప్పాలి, ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి. ఆదివారం వచ్చిందంటే పొయ్యి మీది గిన్నె దించి ఆమే వచ్చి కూర్చునేది. కిందనుంచి కేక — "తొక్కు!... అలాగే ఉంచు!... వదులు!" కాస్త ముందు వదిలితే బూతులు. స్నేహితులు గోడకి ఆనుకుని నవ్వేవారు. అలా పెడలమ్మ అయింది.

మొగుడు పోయిన ఏడాదికి మరిది దిగాడు.

"కారంటే మా అన్నకి ప్రాణం, వదినా. అది మగాడి చేతిలో ఉండాలి. అసలు నట్టు ఎటు తిప్పితే ఊడుతుందో తెలుసా నీకు?"

"నీకు తెలుసా?"

మరిది పెద్దమామగారి వైపు తిరిగాడు. ఆ ఇంట్లో తగువులన్నీ తీర్చేది ఆయనే. ఆయన తీర్పు చెప్పాడు: ఆదివారం పొద్దున అందరూ చూస్తుండగా ఆమె కారు నడిపి బయటికి తెస్తే కారూ షెడ్డూ ఆమెవి. తేలేకపోతే రెండూ మరిదివి. ఆ షెడ్డు వెనక గదిలోనే ఆమె ఉంటోంది. ఓడితే రోడ్డే.

ఇక్కడినుంచి మరిది నోటితో చెప్పిందే చెబుతున్నాను.

శనివారం రాత్రి. కరెంటు లేదు. "ఊరికే ఓసారి చూసిపోదామని" అన్న దగ్గరి పాత తాళంచెవితో పక్క తలుపు తీశాడు. గ్రీజు వాసన. కారు చక్రాల్లేకుండా ఎత్తుగా నిలబడి ఉంది... అన్న ఆఖరిసారి దాని కింద దూరినప్పుడు ఎలా ఉందో, అచ్చం అలాగే.

బానెట్ తెరిచే మీట స్టీరింగ్ కింద ఉంటుంది. సీట్లోకి ఎక్కి దానికోసం తడుముతున్నాడు —

కాళ్ళ కిందనుంచి గుసగుసగా...

"తొక్కు."

తడుముతున్న చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"తొక్కు..."

కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్ళింది. తొక్కాడు.

"అలాగే ఉంచు."

ఉంచాడు. అప్పుడు — పెడల్ అతని కాలి కింద మెల్లగా కుంగింది. కిందనుంచి ఎవరో లాక్కుంటున్నట్టు... అడుగంటేదాకా.

"వదులు."

వదిలి, తలుపు వైపు చెయ్యి చాచాడు.

"దిగకు."

ఆ తర్వాత నేల మీద ఏదో ఈడ్చుకుంటూ జరిగింది. వెనకనుంచి పక్కకి... పక్కనుంచి ముందుకి... ఆగిన ప్రతిచోటా మళ్ళీ అవే మాటలు.

"అన్నా... నన్నొదిలెయ్ అన్నా... ఈ కారు నాకొద్దు..."

"తొక్కు."

తొక్కీ తొక్కీ తొడలు వణికిపోయాయి. చివరికి పెడల్ కుంగడం మానేసింది. రాయిలా బిగుసుకుని కాలికి ఎదురు తన్నింది. దానికి ప్రాణం వచ్చినట్టు...

ఇక దూకి పరిగెత్తాడు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

పొద్దున షెడ్డు ముందు అందరూ చేరారు. మరిది కుంటుకుంటూ వచ్చి ఈ కథంతా చెప్పాడు. "అన్న దాంట్లోనే ఉన్నాడు పెదనాన్నా! నాకొద్దు, ఎవరికీ వద్దు, తుక్కుకి వేసేయండి! వదిన నడిపిందంటే చస్తుంది!"

షట్టరు పైకి లేచింది.

కారు గర్జిస్తూ బయటికొచ్చింది. నేరుగా మరిది మీదికే వచ్చింది. అందరూ అరిచారు. అతని కాళ్ళకి జానెడు దూరంలో టక్కున ఆగింది.

పెడలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"రాత్రి బాగా తొక్కావు మరిదీ. కాలు నొప్పి తగ్గిందా?"

మరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాలుగు చక్రాలకీ కొత్త బ్రేకులు నేనే వేసుకున్నా. గాలి తీయడానికి పైన ఇంకో కాలు కావలసొచ్చింది. నేను నట్టు తిప్పినప్పుడల్లా పెడల్ కుంగింది, గాలంతా పోయాక బిగిసింది. దెయ్యాల షెడ్డని ఎవర్ని పిలిచినా రాలేదు. నువ్వు పిలవకుండానే వచ్చావు." చెయ్యి బయటికి చాచింది. "ఇదిగో, నీ చెప్పు. ఇదిగో, వైర్లు కత్తిరించడానికి తెచ్చుకున్న కటింగ్ ప్లేయరు. రెండూ మర్చిపోయావు."

పెద్దమామగారు ప్లేయరు వైపు, మరిది వైపు చూశాడు. "కింద ఉన్నది నువ్వా? వాడు పోయిన చోటే... నీకు భయమెయ్యలేదూ?"

"స్టాండ్లు కొన్నాను మామగారూ."

"కాదు!" మరిది గొంతు చించుకున్నాడు. "ఆ గొంతు మా అన్నదే! ఆ మాటలూ అన్నవే!"

"మీ అన్నేనా? బాగా గుర్తు తెచ్చుకో. అన్నిసార్లు తొక్కావు, ఎన్నిసార్లో తప్పు తొక్కావు. ఒక్క తిట్టయినా విన్నావా?"

కారూ షెడ్డూ ఆమెవే అయ్యాయి. ఆ తర్వాతి వారం పెడలమ్మ, ఒక్క మనిషే బ్రేకుల్లో గాలి తీసుకోగల చేతిపంపు కొనుక్కుంది.