గడి బయట రాసిన ఓటు

ఒక సంగతి ఒప్పుకుంటా, తిట్టుకోకండి. నాకు ఇరవై ఏడేళ్లు. పద్దెనిమిది నిండినప్పటి నుంచి ఒక్క ఎన్నిక కూడా మానలేదు. వానలో వెళ్లాను, జ్వరంతో వెళ్లాను, ఒకసారి పైజమా మీద కోటు తొడుక్కుని వెళ్లాను. వెళ్లి, పోలింగ్ బూత్‌లో దారంతో కట్టిన ఆ పొట్టి పెన్సిల్ పట్టుకుని, ప్రతిసారీ ఓటు చెడగొట్టి వచ్చాను. కావాలనే.

ఎర్ర పార్టీకి వెయ్యబుద్ధి కాదు. నీలం పార్టీకి చెయ్యి రాదు. ఇంట్లో కూర్చుంటే బద్ధకం అనుకుంటారు. అందుకని ఓటు కాగితానికి అడ్డంగా ‘ఎవరూ వద్దు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, మడిచి, డబ్బాలో వేసేదాన్ని. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు కనిపిస్తే రిపోర్ట్ రాయడమే నా ఉద్యోగం. ఇదీ అలాంటిదే అనుకోండి.

ఆ రిపోర్టులు ఎవరూ చదవరనుకున్నా. అక్కడే పప్పులో కాలేశా.

ఏప్రిల్ నెల. మా ఊరు హారోబెక్‌లో వాన ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తుండదు. మా వార్డు కౌన్సిలర్ మధ్యలో రాజీనామా చేశాడు కాబట్టి ఉప ఎన్నిక వచ్చింది. ఆ శనివారం పొద్దున్న మా తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి ఒక చెక్క గరిట లోపలికొచ్చింది. గరిట మీద మడతపెట్టిన కరపత్రం. కుక్కలు వేళ్లు కొరక్కుండా ప్రచారంవాళ్లు చేసే ఉపాయమది.

మా కుక్క పేరు గ్రేవీ. వాడికి కరపత్రం అక్కర్లేదు, గరిట కావాలి. పట్టేశాడు.

“అయ్యయ్యో, వదలమనండి!” అని తలుపవతల నుంచి ఓ మగగొంతు.

“మీరే వదలండి. వాడు మొండోడు.”

“అది మా అమ్మ గరిటండీ!”

తలుపు తీశా. ఆరడుగుల మనిషి, తడిసి ముద్దయ్యాడు. పార్టీ గుర్తుగా కోటుకి గుచ్చుకున్న ఎర్ర రిబ్బన్ పువ్వు రంగు కారి చొక్కా మీదికి దిగింది.

“రీస్ హాస్లమ్. మీ వార్డుకి పోటీ చేస్తున్నా.”

“తెలుసు. రోడ్డు మీద గుంత వైపు వేలు చూపిస్తూ ఫోటో దిగింది మీరేగా.”

“నీలం పార్టీ ఆవిడ కూడా అదే గుంత దగ్గర దిగింది.”

“చూశా. ఫోటోలో ఆవిడ బాగా వచ్చింది. మీరు గుంతకి ఏదో నచ్చజెప్తున్నట్టున్నారు.”

నవ్వు ఆపుకోబోయాడు, కుదర్లేదు. ఆ నవ్వు నేను గమనించలేదు. సరే, గమనించాను.

“గెలిస్తే పూడుస్తారా మరి?”

“నేను పూడ్చలేనండీ. రోడ్లు పైన కౌంటీ చేతిలో, అంటే జిల్లావాళ్ల చేతిలో ఉంటాయి. ఉత్తరం రాస్తా. పలక్కపోతే మళ్లీ రాస్తా.”

“ఇదేం ప్రచారమండీ? ఒక్క అబద్ధమైనా చెప్పరా?”

“పొద్దుటి నుంచి నలభై తలుపులు కొట్టా. ముప్పై ఎనిమిది మంది ‘మీరంతా ఒకటే’ అన్నారు.”

“మిగతా రెండు?”

“ఒకటి, ఇంట్లో ఎవరూ లేరు. రెండోది, కుక్క నా గరిట తినేస్తోంది.”

లోపల్నుంచి మా నానమ్మ కేకేసింది. “ఎవరే బ్రయొనీ?”

“ఓటడగడానికి వచ్చారు నానమ్మా.”

“ఏ రంగు?”

“ఎరుపు.”

లోపల కుర్చీ కిర్రుమంది. మా నానమ్మ ఎడ్నా, ఈ కొండ కిందున్న మిల్లు మూతపడేదాకా అందులోనే పనిచేసింది. ముప్పై ఏళ్లు ఎర్ర పార్టీ కవర్లకి స్టాంపులంటించింది. ఎనిమిదేళ్లుగా ఓటే వెయ్యడం లేదు.

“వానలో నిలబెట్టకు, టీ తాగి పొమ్మను,” అంది చివరికి. “ఓటు మాత్రం లేదని చెప్పు.”

టీ తాగుతూ రీస్ అడిగాడు. “ఎందుకు మానేశారు పెద్దమ్మా?”

“వీళ్లు ఎలాగూ మనకే వేస్తారులే అని మీ వాళ్లు మా వీధికి రావడమే మానేశారు నాయనా. అడగని ఓటు నేనెందుకు ఇవ్వాలి? ఈ తలుపు కొట్టి పదకొండేళ్లైంది. అదీ నువ్వు కొట్టలేదు, గరిట దూర్చావు.”

తల దించుకుని విన్నాడు.  వెళ్లేటప్పుడు అతని అట్ట మీదున్న కాగితంలోకి తొంగి చూశా. మా ఇంటి నంబర్ ఎదురుగా ఇలా ఉంది: ‘ఇద్దరూ వ్యతిరేకం. టీ బాగుంది. కుక్కతో జాగ్రత్త.’

గరిట మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. దాని కోసం రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ మర్చిపోయి వెళ్లాడు. అంత మతిమరుపు మనిషి బస్సెలా నడుపుతాడా అని నాకు భయమేసింది. అవును, నలభై ఒకటో నంబర్ బస్సు డ్రైవర్ అతనే. సాయంత్రం ఆరు దాటాక మా కొండెక్కడం మానేసిన బస్సది.

నేను ఇంటి నుంచే పనిచేస్తాను. నాకు బస్సుతో పనేముంది? ఆ రెండు వారాల్లో తొమ్మిదిసార్లు ఎక్కాను.

“ఈసారి ఎక్కడికి?” అన్నాడు తొమ్మిదోసారి.

“ఉల్లిపాయలకి.”

“నిన్న కూడా ఉల్లిపాయలే.”

“నీ సంగతి చెప్పు. గెలిస్తే ఈ బస్సు మళ్లీ రాత్రిళ్లు తిరుగుతుందా?” ‘మీరు’ ఎప్పుడో ‘నువ్వు’ అయిపోయింది.

“తిరుగుతుందని చెప్పను. తిరిగేదాకా అడుగుతా అని చెప్తా.”

నా స్టాప్ వచ్చింది. దిగుతూ దిగుతూ ఆగాను. “ఇదిగో, నీ పార్టీ నాకొద్దు. మనిషివి మాత్రం సరే.”

“దీన్ని నా కాగితంలో ఏ గడిలో రాసుకోను?”

“ఏ గడిలోనూ పట్టదు,” అని దిగిపోయా. ఉల్లిపాయలు మర్చిపోయా.

గురువారం పోలింగ్. తెరలోకి వెళ్లి కాగితం విప్పాను. అతని పేరు, దాని కిందే అతని పార్టీ పేరు. పక్కన ఖాళీ గడి. అందులో ఒక చిన్న ఇంటూ గుర్తు పెడితే చాలు. పెన్సిల్ ఎత్తాను. ఆ పార్టీ పేరు చూడగానే నానమ్మ స్టాంపులంటించిన ముప్పై ఏళ్లు గుర్తొచ్చాయి. చెయ్యి ఆగిపోయింది.

చివరికి గడి బయట, అతని పేరు పక్కన, రాశాను: ‘పార్టీ వద్దు. మనిషి సరే.’

మర్నాడు పొద్దున్న స్పోర్ట్స్ హాల్లో లెక్కింపు. ఇక్కడ మీకు ఇంకోటి చెప్పాలి. లెక్కపెట్టే బల్ల దగ్గర నేనూ ఉన్నాను. ఎన్నికల లెక్కింపులకి కౌన్సిల్‌కి మనుషులు కావాలంటే జనవరిలోనే పేరిచ్చా, ఈ రీస్ ఎవరో తెలియక ముందు. లెక్కించేవాళ్లు నోరు విప్పకూడదు, మొహం కూడా మార్చకూడదు. వేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని బొమ్మలా కూర్చున్నా. నన్ను చూసి రీస్ కనుబొమలు జుట్టు దాకా వెళ్లాయి.

నీలం పార్టీ మిసెస్ బ్లెవిన్‌కి ఆరువందల పన్నెండు. రీస్‌కి ఆరువందల పదకొండు. మళ్లీ లెక్కపెట్టినా అంతే.

మిగిలినవి తొమ్మిది అనుమానం ఓట్లు. వాటిని తేల్చడానికి ఎన్నికల అధికారి మిస్టర్ ఎంట్విసల్ ఇద్దర్నీ సరిగ్గా మా బల్ల దగ్గరికే పిలిచాడు. ఒక్కో కాగితం ఎత్తి, కళ్లజోడు సర్దుకుని, ప్రతి అక్షరం చదివి, అటు తిప్పి ఇద్దరికీ చూపిస్తున్నాడు. పెళ్లి శుభలేఖ చదివినంత శ్రద్ధగా. అందులో మూడింటి మీద ‘ఎవరూ వద్దు’ అని ఉంది. ఒక్కటీ నాది కాదు. ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే అనుకున్నా. నా రిపోర్టులన్నీ ఇలాగే చదివారన్నమాట!  వేలి తొడుగు సర్దుకున్నాను, మొహం మార్చకూడదు కదా.

ఎనిమిది చెల్లలేదు. తొమ్మిదోది పైకి లేచింది. నాది.

“ఇది ఓటు కాదు, ఉత్తరం,” అంది మిసెస్ బ్లెవిన్.

రీస్ ఆ కాగితం చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు మాత్రం చూడలేదు. “అవునండీ. దీన్ని లెక్కలో వెయ్యొద్దు.”

నా ఒళ్లు మండిపోయింది. జీవితంలో మొట్టమొదటిసారి ఒక మనిషికి ఓటేస్తే, వద్దంటాడా! అందరి ముందూ!

మిస్టర్ ఎంట్విసల్ కళ్లజోడు తీశాడు. “వద్దనడానికి ఈ ఓటు నీది కాదు బాబూ. వేసినవాళ్లది. పార్టీ గురించి వాళ్లేమనుకుంటే నాకేంటి? ఎవరు కావాలో చెప్పారా లేదా? చెప్పారు. చెల్లుతుంది.”

పన్నెండు, పన్నెండు. సమానం.

సమానమైతే చీటీ తియ్యాలి. ఇద్దరి పేర్లు పెట్టిన రెండు కవర్లు ఖాళీ డబ్బాలో వేసి, కళ్లు పైకప్పు మీద పెట్టి, మిస్టర్ ఎంట్విసల్ ఒకటి తీశాడు. మిసెస్ బ్లెవిన్.

ఆవిడ గెంతలేదు. వచ్చి రీస్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. “నా పార్టీ మీద కూడా జనానికి ఇదే కోపం అబ్బాయ్. సోమవారం నలభై ఒకటో బస్సు గురించి కౌంటీకి ఉత్తరం రాస్తున్నా. కింద నువ్వూ సంతకం పెట్టాలి.”

“పలక్కపోతే మళ్లీ రాద్దాం,” అన్నాడు.

నా పని అయ్యాక రీస్‌ని కార్ పార్క్‌లో పట్టుకున్నా. వాన.

“నా ఓటు వద్దన్నావ్!”

“నెమ్మది. నీదని నేననలేదు.”

“నాది నేను చెప్పుకోవచ్చు. ఎందుకు వద్దన్నావ్?”

“వేసింది ఎవరో గుర్తుపట్టేలా రాస్తే ఓటు చెల్లదని రూలుంది బ్రయొనీ. ఆ మాట నాతో ప్రపంచంలో ఒక్కళ్లే అన్నారు, బస్సు దిగుతూ. చూడగానే తెలిసిపోయింది. మిస్టర్ ఎంట్విసల్‌కి కారణం చెప్తే నీ పేరు బయటికొస్తుంది. చెప్పకుండా తీసుకుంటే దొంగతనంలా ఉంటుంది. అందుకని వద్దన్నా.”

ఏళ్ల తరబడి తప్పులు వెతుకుతున్నదాన్ని. ఆ మాటల్లో ఒక్కటీ దొరకలేదు. అంతమంది ముందు, ఒకే ఒక్క ఓటు కోసం వెనకబడి ఉండి, ఆ ఓటు వద్దన్న మనిషి. మా ఊరి మనిషి. వానలో నిటారుగా నిలబడ్డా, నేనే గెలిచినట్టు.

“ఓడిపోయావ్‌గా,” అన్నా.

“చీటీ ఓడింది. నన్ను ఆరువందల పన్నెండు మంది నమ్మారు. వాళ్లలో ఒకళ్లు గడి బయట నమ్మారు, అంతే.” జుట్టులోంచి నీళ్లు తుడుచుకున్నాడు. “ఒకటడగనా? మనిషి సరే అన్నది... కౌన్సిలర్ పని వరకేనా?”

“అది వేరే ఎన్నిక.”

“దాని లెక్కింపు ఎప్పుడు?”

“అయిపోయింది. నువ్వే గెలిచావ్. ఒక్క ఓటు తేడాతో.”

“మొత్తం ఎన్ని ఓట్లు?”

“ఒకటే.”

ఇదంతా కిందటేడు. ఈ ఏడాది మళ్లీ ఎన్నికలు. రీస్ ఏ పార్టీ లేకుండా నిలబడ్డాడు. నామినేషన్ కాగితం మీద వార్డు ఓటర్లు ఇద్దరు సంతకం పెట్టాలి. మొదటిది నేను పెట్టా. నానమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం మొత్తం చదివింది. పార్టీ పేరుండే చోట ఖాళీ చూసి, వేలితో రెండుసార్లు తడిమింది.

“మంచి పెన్ను తేవే.”

“పార్టీకి కాదు కదా నానమ్మా, పెట్టొచ్చు,” అన్నా.

“పార్టీకెందుకు పెడతా? నా మనవడికి పెడుతున్నా.”

“నానమ్మా, మేమింకా...”

“నా సంతకం చెల్లుతుందా, చెల్లదా?”

“చెల్లుతుంది పెద్దమ్మా,” అన్నాడు రీస్. చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

పోలింగ్ వచ్చే గురువారం. ఎనిమిదేళ్ల తర్వాత, కాదు, ఇప్పుడు తొమ్మిది, నానమ్మ కూడా వస్తానంటోంది. గరిట మాత్రం గ్రేవీ ఇంకా ఇవ్వలేదు.

నేనైతే ఈసారి గడిలోనే పెడతా. మరి మీరు? ఏ గడిలోనూ పట్టని మాట ఎవరికైనా ఎప్పుడైనా చెప్పారా? ఎలా చెప్పారు, అవతలివాళ్లు చెల్లుతుందన్నారా? రాయండి. ప్రతి అక్షరం చదువుతా, మిస్టర్ ఎంట్విసల్ మీద ఒట్టు.