రంగు వేయకముందే

మధ్యాహ్నం మూడూ పదికి ఆమె గ్లౌజులు తొడుక్కుని, తమ్ముడి కణాలున్న గాజు పళ్ళేలను ఇంక్యుబేటర్లోంచి ఒక్కొక్కటే బయటికి తీసింది. ల్యాబులో అందరికీ ఆమె మేడమ్. అక్కా అని పిలిచేవాడు ఒక్కడే ఉండేవాడు. వాడు పోయి ఏడాది.

కిడ్నీల వాపుతో పోయాడు. ఒంట్లో మంట రాజేసే జన్యువొకటి ఉంటుంది. పని అయ్యాక దాన్ని నిద్రపుచ్చే స్విచ్ వాడి కిడ్నీల్లో పాడైంది. దాన్ని బాగుచేస్తుందని ఆ ల్యాబు నడిపే ప్రొఫెసర్ తన కొత్త మందు ప్రయోగంగా ఇచ్చాడు. నడుంలో నిప్పు పెట్టినట్టుందని వాడు మొత్తుకున్నా ఆపనివ్వలేదు. మధ్యలో మానేస్తే లెక్కలు చెడతాయన్నాడు.

వాడి కిడ్నీ ముక్క నుంచే ఆమె ఈ కణాలు పెంచింది. ఆ జన్యువు మేలుకుంటే కణం పచ్చగా వెలిగేలా మార్చింది. మందు పోస్తే ఆరాలి కదా, ఇంకా భగ్గుమన్నాయి. తీసిన ఫొటోలన్నీ ప్రొఫెసర్ చెరిపించేశాడు. పళ్ళేలు కూడా పారబోయమని పొద్దున హుకుం జారీ చేశాడు. ఆఖరి రుజువు అవే. అందుకే మళ్ళీ ఫొటోలు తీద్దామని వాటిని మైక్రోస్కోపు గదికి పట్టుకుపోయింది.

ఆ గదికి కిటికీల్లేవు. తలుపు మూస్తే పట్టపగలే కాటుక చీకటి. యంత్రం సన్నగా రొద పెడుతోంది. వేడెక్కిన దుమ్ము వాసన. ఇంతలో తలుపు తెరుచుకుంది, ఘాటుగా బ్లీచ్ వాసన వచ్చింది.

ప్రొఫెసర్ లోపలికొచ్చి లైటు వేసి, చేతిలోని బ్లీచ్ సీసా వంచి, పళ్ళేలన్నిటిలోనూ తాపీగా తనే పోశాడు.

"చచ్చినవాళ్ళకి కాపలా కాస్తే జీతం ఎవరిస్తారమ్మా?"

అతని మెడ పట్టుకుని ఆ బ్లీచ్‌లోనే ముంచాలనిపించింది ఆమెకి. పళ్ళు బిగించింది.

"చూసి వెళ్ళండి. ఆరిపోయాయో లేదో మీ కళ్ళతోనే చూడండి."

ఒక పళ్ళెం మైక్రోస్కోపు కింద పెట్టి గదిలో లైటు ఆర్పింది. అతను వంగి చూశాడు. అంతా నలుపేనంటూ నవ్వాడు.

ఆ నవ్వు సగంలో ఆగింది.

ఒక పచ్చటి చుక్క... పక్కన ఇంకోటి... ఆపైన గుంపులు గుంపులుగా. బ్లీచ్‌లో కణం బతకదు. బతికున్నా, మైక్రోస్కోపు నీలిదీపం పడితేనే ఆ పచ్చ కనబడుతుంది. ఆ దీపం ఆమె ఇంకా వేయనేలేదు.

ప్రొఫెసర్ తల ఎత్తలేదు. ఎత్తలేకపోతున్నాడు. పచ్చటి వెలుగు అతని కంటి గుంటల్లోంచి నుదుటి మీదికి పాకింది. ఒక చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళి నడుం నొక్కుకుంది. తమ్ముడూ సరిగ్గా అక్కడే నొక్కుకునేవాడు.

"అక్కా..." అన్నాడు ప్రొఫెసర్, గుసగుసగా. "నడుంలో... నిప్పు పెట్టినట్టుంది."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా కోపం తగ్గలేదు.

"మధ్యలో మానేస్తే లెక్కలు చెడతాయి," అంది.

ఆమె లైటు వేసేసరికి అతను కింద పడున్నాడు. పళ్ళెంలో బ్లీచ్ తప్ప ఏమీ లేదు.

కొన్ని రోజులకి ఆసుపత్రి నుంచి, కిడ్నీ ముక్కల్ని పరీక్షించే డాక్టరమ్మ ఫోన్ చేసింది. ప్రొఫెసర్ కిడ్నీలు రెండూ వాచిపోయాయట. ముక్క తీసి గాజుపలక మీద పెట్టారట. కణాలు కనబడడానికి వేసే రంగు ఇంకా వేయలేదు, దీపమూ వేయలేదు. అప్పుడే పచ్చగా వెలుగుతోందట.